ఆయన వస్తాడా?

వదంతిని అజ్ఞానమని కొట్టిపారేయటం చదువుకున్నవాళ్ళకు అలవాటు. కాని వదంతి వూరికే పుట్టదు. తమకు సంబంధించిన నిర్ణయం యెక్కడో మూసిన తలుపుల వెనక జరుగుతున్నదని జనానికి తెలిసినప్పుడు, తలుపు బయట నిలబడి వాళ్ళు చెప్పుకునే మాటలే వదంతులు. అందులో నిజం యెంత అన్నది తరువాతి సంగతి. వాళ్ళు యే ప్రశ్న అడుగుతున్నారు, యే ప్రశ్న అడగటం లేదు అన్నది ముందు చూడాలి.

2006 చివర నేను అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని ఒక చిన్న పట్నంలో పరిశోధన చేసుకుంటూ, కింది తరగతులకు పాఠాలు చెబుతూ వున్నాను. ఆ శీతాకాలమంతా ఆ రాష్ట్రానికి ఒకటే ప్రశ్న: నిక్ సేబన్ వస్తాడా, రాడా?

ఫుట్‌బాల్ అంటే మనం యెరిగిన ఆట కాదు. బంతిని చేత పట్టుకుని, శిరస్త్రాణాలు ధరించి, ఒకరినొకరు ఢీకొని నేలకూల్చే ఆట. దీనికి అక్కడ రెండు లోకాలున్నాయి. ఒకటి, జీతాలిచ్చి ఆడించే 32 వృత్తి జట్ల లోకం. రెండవది కాలేజీల లోకం. రెండవదాన్ని చిన్నదనుకుంటే పొరపాటు. టస్కలూసాలో అలబామా విశ్వవిద్యాలయం స్టేడియంలో ఆ యేడు 92 వేలమంది పట్టేవారు.

సేబన్ 2003లో లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలిపినవాడు. 2005లో మయామీ డాల్ఫిన్స్ అనే వృత్తి జట్టుకు కోచ్‌గా వెళ్ళాడు. అక్కడ రెండేళ్ళలో 15 ఆటలు గెలిచి 17 వోడాడు. 2006 నవంబరులో అలబామా తన కోచ్ మైక్ షూలాను తొలగించింది. అప్పటినుంచీ సేబన్ పేరు గాలిలో తేలుతూనే వుంది.

మా భవనంలో గదులు వెచ్చచేసే యంత్రాన్ని బాగుచేసే మెకానిక్ ఒకడుండేవాడు. కాలేజీలో చదివినవాడు కాదు. కాని జట్టు గురించి మాట్లాడితే ‘మేం’ అనేవాడు. మేం గెలిచాం, మేం వోడాం, మేం ఆయన్ని తెచ్చుకుంటాం. విశ్వవిద్యాలయం వారి విమానం యే వూళ్ళో దిగిందో, సేబన్ భార్యకు మయామీ నచ్చిందో లేదో, అన్నీ అతనికి వార్తలే. క్షౌరశాలలోనూ, చర్చి ముంగిటా అవే మాటలు. మొదట నాకు నవ్వు వచ్చేది. క్రమంగా ఆ ‘మేం’ అన్న మాటను గురించి ఆలోచించటం మొదలుపెట్టాను. అతను పనిచేసే కంపెనీ గురించి యెన్నడూ ‘మేం’ అనలేదు. ఆ మాట అనటానికి అతనికి దొరికిన చోటు ఆ జట్టొక్కటే.

డిసెంబరు 21న సేబన్, తాను అలబామా కోచ్‌ని కాబోవటం లేదని పత్రికలవాళ్ళకు స్పష్టంగా చెప్పాడు. రెండు వారాలు తిరగలేదు. 2007 జనవరి 3న ఆయన టస్కలూసా విమానాశ్రయంలో దిగాడు, జనం తోసుకుంటూ యెదురువెళ్ళారు. యెనిమిదేళ్ళకు 3 కోట్ల 20 లక్షల డాలర్ల కాంట్రాక్టు. మయామీతో వున్న కాంట్రాక్టులో ఇంకా మూడేళ్ళు మిగిలేవున్నాయి.

యెందుకు వచ్చాడు? కుర్రవాళ్ళకు విద్య నేర్పటమంటే ఆయనకు ప్రాణమని కొందరన్నారు. డబ్బుకని కొందరన్నారు. డబ్బు మాట నిజమే కాని, మయామీలో ఆయన జీతం తక్కువేమీ కాదు. అసలు కారణం కోచ్ హృదయంలో వెతికితే దొరకదు. రెండు లోకాల్లోనూ శ్రమకు వున్న స్థితిలో వెతకాలి.

వృత్తి ఆటగాళ్ళకు 1956 నుంచీ యూనియన్ వుంది. 1987లో వాళ్ళు సమ్మె చేస్తే, యజమానులు బదులు ఆటగాళ్ళను దింపి సమ్మెను విరిచారు. అయినా ఆటగాళ్ళు కోర్టుల్లో పోరాడి, 1993 నాటికి కాంట్రాక్టు తీరాక నచ్చిన జట్టుకు పోయే హక్కు సంపాదించుకున్నారు. అక్కడ కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా యెంచుకోవాలి. వోడిన జట్టుకు మొదటి వంతు. జీతాల మొత్తానికి పరిమితి వుంది. అక్కడ కోచ్ అధికారానికి అన్ని వైపులా గోడలే.

ఆ రోజుల్లో కాలేజీలో ఆ గోడలు లేవు. వంతు లేదు. 18 యేళ్ళ కుర్రవాళ్ళను ఇంటింటికీ వెళ్ళి యెంతమంది మేటివాళ్ళనైనా పోగుచేసుకోవచ్చు. అప్పట్లో 85 మంది స్కాలర్‌షిప్ ఆటగాళ్ళు. వాళ్ళకు జీతం వుండేది కాదు, యూనియన్ లేదు. ‘కాలేజీకి తిరిగి రావటం’ అని అభిమానులు ముద్దుగా అనుకునేదానికి, యూనియన్ వున్న ఫ్యాక్టరీని వదిలి యూనియన్ లేని ఫ్యాక్టరీకి మేనేజరుగా రావటమని కూడా అర్థం వుంది.

నా తరగతిలో మా కాలేజీ జట్టు కుర్రాడొకడు వుండేవాడు. నల్లవాడు, నెమ్మదస్తుడు. సేబన్ వస్తాడా అని నేనూ అందరిలాగే అడిగాను. అతను భుజాలెగరేసి, “యెవరొచ్చినా తన కుర్రాళ్ళను తాను తెచ్చుకుంటాడండీ. అప్పటికే వున్నవాళ్ళ సంగతి తరువాత తెలుస్తుంది,” అన్నాడు. ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ యే యేటికాయేడు ఇచ్చేవారు. ఒక్కసారే నాలుగేళ్ళకు ఇవ్వటాన్ని 1973 నుంచి 2012 దాకా నిబంధనలు వొప్పుకోలేదు. ఆటగాడు మరో పెద్ద కాలేజీ జట్టుకు మారితే ఒక యేడు ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. కోచ్ మూడేళ్ళ కాంట్రాక్టును వదిలేసి మర్నాడే కొత్త కుర్చీలో కూర్చోవచ్చు. ఆ పట్నంలో వదంతులు వినీ వినీ విసిగిన నాకు, ఆ కుర్రాడి ఒక్క మాటే అసలు వార్త అనిపించింది.

వదంతి వల్ల లాభం కూడా అభిమానులది కాదు. అదే డిసెంబరులో వెస్ట్ వర్జీనియా కోచ్ రిచ్ రోడ్రిగెజ్ అలబామాకు వస్తున్నాడని గట్టిగా వినిపించింది. చివరకు ఆయన వున్నచోటే మరింత మేలైన కాంట్రాక్టుతో వుండిపోయాడు. జనం మాట్లాడుకున్నకొద్దీ బేరం పెరుగుతుంది. ఆ పెరిగిన బేరంలో మాట్లాడినవాళ్ళకు వాటా లేదు.

వదంతిలోకి యెవరి పేరు యెక్కుతుంది, యెవరిది యెక్కదు అన్నది మరొక సంగతి. సిల్వెస్టర్ క్రూమ్ అలబామా జట్టులోనే ఆడి యెదిగిన నల్లవాడు. చాలా యేళ్ళు వృత్తి జట్లలో సహాయ కోచ్‌గా పనిచేశాడు. కాలేజీకి తిరిగివచ్చే కోచ్ అన్న మాట ఆయనకే బాగా అతుకుతుంది. 2003లో అలబామా ఆయన్ని పరిశీలించి, షూలాను యెంచుకుంది. ఆ యేడాది చివర మిసిసిపి రాష్ట్ర విశ్వవిద్యాలయం క్రూమ్‌ను తీసుకుంది. ఆ కూటమి కాలేజీల్లో ప్రధాన కోచ్ అయిన మొదటి నల్లవాడు ఆయనే. 2006 నవంబరులో ఆయన జట్టు టస్కలూసాకు వచ్చి అలబామాను 24–16తో వోడించింది. ఆ నెలాఖరుకే షూలా వుద్యోగం పోయింది. అయినా నేను విన్న వదంతుల్లో క్రూమ్ పేరు ఒక్కసారీ రాలేదు.

అభిమానుల ఆశ వమ్ము కాలేదని వొప్పుకోవాలి. సేబన్ 17 సీజన్లలో ఆరు జాతీయ విజయాలు తెచ్చాడు. 2011లో స్టేడియం బయట ఆయన విగ్రహం వెలిసింది. 2024 జనవరిలో విరమించుకున్నాడు.

ఈలోగా ఆ గోడలు కాలేజీలోనూ లేవసాగాయి. 2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆటగాళ్ళు యూనియన్ కోసం దరఖాస్తు పెట్టారు. 2015లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఆ వ్యవహారంలో తాను జోక్యం చేసుకోనన్నది. కాని 2021లో ఆటగాడు ఒకసారి జట్టు మారినా వెంటనే ఆడవచ్చునన్నారు. తన పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చునన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన వొప్పందంతో కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వసాగాయి. మొదటి యేడాదికి ఒక్కొక్క కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. వాళ్ళు కార్మికులా కాదా అన్నది మాత్రం ఆ వొప్పందం తేల్చలేదు.

ఇప్పుడు అక్కడి మిత్రులతో మాట్లాడితే కొత్త ఫిర్యాదు వింటున్నాను: కుర్రాళ్ళకు విశ్వాసం లేదట, డబ్బు యెక్కువిచ్చిన చోటికి పోతున్నారట. సేబన్ మూడేళ్ళ కాంట్రాక్టు వదిలి వచ్చినప్పుడు పూలమాల లాంటి స్వాగతం ఇచ్చినవాళ్ళే యీ మాట అంటున్నారు. వాళ్ళను నిందించి లాభం లేదు. ‘ఆయన వస్తాడా’ అని అడగటం వాళ్ళకు పత్రికలూ, టెలివిజనూ, యేజెంట్లూ కలిసి నేర్పారు. ‘వచ్చి యెవరిమీద అధికారం చేస్తాడు, వాళ్ళకేం ముడుతుంది’ అని అడగటం యెవరూ నేర్పలేదు. ఆ మెకానిక్ ‘మేం’ అన్నప్పుడు, ఆ మాటలో కోచ్‌కు చోటుంది; నా తరగతిలో కూర్చున్న కుర్రాడిలాంటివాళ్ళకు గెలిచినంత కాలమే చోటుంది. ఇద్దరిదీ కష్టం చేసి బతికే బతుకే. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగల చోటు ఆ స్టేడియంలో లేదు. దాన్ని వాళ్ళు బయట యెక్కడైనా కట్టుకోవలసిందే.