పోరుమామిళ్ళ చెరువులో గాలం

పిల్లలూ! కడప సీమలో పోరుమామిళ్ళ అనే వూరు వున్నది. ఆ వూరి పెద్దచెరువుకు నేనూ, నా మిత్రుడు ఒకాయనా ఒకరోజు గాలం వేయటానికి వెళ్ళాము. వానలు పడి, చెరువులోకి కొత్తనీరు చేరిన రోజులవి. మీరు కూడా మా వెంట వచ్చారనుకోండి.

ముందు కట్ట ఎక్కుదాము. ఈ చెరువుకు కొండలే గోడలు. ఆ కొండల నడుమ వున్న సందులను మాత్రం మట్టికట్టలతో మూసి, అలలు కోసివేయకుండా లోపలివైపు రాతిబండలు పరిచారు. దీన్ని కట్టించినవాడు విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. ఆయనకే భవదూరుడని మరొక పేరు. క్రీ. శ. 1369 లో వేసిన సంస్కృత శాసనంలో ఈ సంగతంతా వున్నది. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలటానికి నూరు బండ్లు, రెండేళ్ళపాటు పనిచేశాయట! బడిపంతులు అలవాటు పోదు గదా, నేనొక లెక్క వేశాను. ఇదే పని ఒక్క మనిషే చేయవలసివస్తే రెండువేల ఏళ్ళు పట్టేది.

మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలనూ, వుండకూడని ఆరు దోషాలనూ కూడా ఆ శాసనం చెబుతుంది. కట్టలోనుంచి నీరు వూరటం ఒక దోషం. చవుడునేల ఒక దోషం. చెరువు నడుమ మెరక వుండటం ఇంకొకటి. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు వుండటం కూడా దోషమే! ఎందుకో మీ నాన్నగారిని అడిగి చూడండి. 2020 లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘంవారు ఈ చెరువును వారసత్వ కట్టడంగా గుర్తించారు.

ఇక చేపల సంగతి. చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది. కనుక ముందురోజే వారిని అడిగి వుంచాము. నా మిత్రుడి తండ్రి నీరుగంటి. పొలాలకు నీరు వంతులు వేసి వదిలేవాడు. చెరువు గట్టునే పెరిగిన మనిషి గనుక ఈయనకు నీటిని చూస్తే పుస్తకం చదివినట్టే. వెదురుకర్ర, నైలాను దారం, జొన్నదంటు బెండు, చిన్న సీసపు గుండు, ఒక డబ్బాలో ఎర్రలు — అనగా వానపాములు — ఇవే మా సామాను. బండలకు పాచి పట్టి వుంటుంది. పెద్దవాళ్ళు తోడులేకుండా మీరెవరూ అక్కడికి దిగకూడదు సుమా!

ఆరోజు ఆయనకు కావలసింది కొరమేను. మనుమడు టైఫాయిడు జ్వరంనుంచి లేచి పథ్యం తింటున్నాడు. వాడికి కొరమేను పులుసు పెడితే సత్తువ వస్తుందని కోడలు ఆశపడ్డది. "కొరమేను లేకుండా ఇంటికి రాను" అని మాట యిచ్చి మరీ వచ్చాడు.

పొద్దుటిపూట బెండును ఎత్తులు మార్చి చూశాము. ఎందుకంటే బొచ్చె పైనీటిలో మేస్తుంది; రోహు నడుమ తిరుగుతుంది; ఎర్రమోసు అడుగు బురదలో వెతుక్కుంటుంది. ఈ మూడు జాతులూ వరద నదుల్లోనే గాని నిలవనీటిలో గుడ్లు పెట్టవు. అయినా మన చెరువుల్లోకి వాటి పిల్లలు ఎలా వస్తున్నాయి? చేప మెదడు అడుగున వుండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని తల్లిచేపకు సూదిమందుగా ఇచ్చి, తొట్లలోనే గుడ్లు పెట్టించవచ్చునని 1957 జూలై 10 న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి అనే శాస్త్రజ్ఞులు చేసి చూపారు. అలా పుట్టించిన పిల్లలనే తెచ్చి చెరువుల్లో వదులుతారు.

బెండు వణికితే పరికెపిల్లలు ఎరను గిల్లుతున్నట్టు. అప్పుడు కర్ర ఎత్తకూడదు. బెండు మునగకుండా పక్కకు వాలి, మెల్లగా నడక సాగించిందంటే మోసు పట్టినట్టే. మధ్యాహ్నం లోపల నాకు ఒకటి, ఆయనకు రెండు పడ్డాయి. ఒక్కొక్కటి అరకిలోకు తక్కువ వుండదు.

పెరుగన్నం తిని చేతులు కడుక్కుంటున్నాము. అంతలో ఆయన నా భుజం తట్టి, గొంతు తగ్గించి, "అయ్యవారూ, ఆ తుంగ పక్కన ఎర్రగా కదిలేది చూసినారా?" అన్నాడు.

చూశాను. ఎర్రమట్టి కలిపినట్టు నీటిమీద చాపంత మేర ఒక మరక. అది కదులుతున్నది, చిటపటమని బుడగలు వస్తున్నాయి. వందలకొద్దీ కొరమేను పిల్లలు! కొరమేనుకు మొప్పలతోపాటు తలలో గాలి పీల్చే గది కూడా వుంటుంది. అందుకని అది మాటిమాటికీ పైకి రావాలి. రానివ్వకపోతే చేప అయివుండీ నీటిలోనే వూపిరాడక చస్తుంది.

ఆ మరక కిందనే తల్లీ తండ్రీ కాపలా కాస్తూ వుంటాయి. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీదపడి కరుస్తాయి. ఆకలి వున్నా లేకపోయినా సరే! అక్కడ ఒక చిరుకప్పను గుచ్చి వదిలితే చాలు, కొరమేను చేతికి వచ్చినట్టే. అది ఆయనకు నాకంటె బాగా తెలుసు. కర్ర తీశాడు. గాలం కూడా మార్చాడు.

"పెద్దవి పోతే ఈ పిల్లల గతి ఏమిటన్నా?" అన్నాను.

"సాయంత్రానికి కొంగలూ, జెల్లలూ మిగల్చవు" అన్నాడు, గాలం వంక చూస్తూ.

నేను మరి మాట్లాడలేదు. మనుమడు ఆయన మనుమడు. నాలుగు వారాలు మంచంమీద చూసిన బాధ ఆయనది. ఇటువంటప్పుడు పక్కవాడు పాఠం చెప్పకూడదని నా నమ్మకం. ఆయన చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎర్రమరక తుంగలోకి పోయింది, మళ్ళీ బయటికి వచ్చింది. ఒకసారి దానికింద నల్లటి వీపు మెరిసింది, మూరెడు వుంటుంది.

ఆయన దారాన్ని కర్రకు చుట్టేసి, "ఆ మూలకు పోదాం పదండి. అక్కడ మోసు బాగా పడుతుంది" అన్నాడు.

పొద్దుగూకేదాకా ఆ మూలన కూర్చున్నాము. ఇంకొక మోసు, నాలుగు పరికెలు పడ్డాయి.

ఇంటికి చేరేసరికి కోడలు గుమ్మంలోనే నిలబడి వున్నది. పిల్లవాడు ఆమె వెనకనుంచి తొంగిచూస్తున్నాడు. "కొరమేను పడలేదా మామా?" అన్నది ఆమె, సంచీ అందుకుంటూ.

"కనబడింది, పడలేదు. మోసు పులుసు చెయ్ తల్లీ, ముళ్ళు తీసి నేనే పెడతాను వాడికి" అని ఆయన కాళ్ళు కడుక్కోవటానికి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.