అందరిదీ ఒకే పాచిక

కరెంటు పోయి వచ్చిందంటే యూసుఫ్‌గూడలో మా గల్లీ అంతా ఒకేసారి మోటార్లు వేస్తుంది. ఓల్టేజీ పడిపోయి అన్నీ గుర్రుమంటూ ఉండిపోతాయి. మా వాచ్‌మన్ మాత్రం స్విచ్ జోలికి పోడు. "జరసేపు ఆగుత సార్, అందరేసుకున్నంక ఏస్త" అంటాడు. ఆ మాట రోజూ వింటూనే, గల్లీ చేసే తప్పే నేను రేడియోలతో చేయించాను.

కృష్ణానగర్ వైపు హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో వాటర్ ట్యాంకుల మట్టం చెప్పే ఆర్డుయినో బోర్డులు 24 పెట్టాను. 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు. అందులో ఒకే ఛానల్ మీద అన్నీ పది నిమిషాలకోసారి నా గదిలోని గేట్‌వేకి ప్యాకెట్ పంపాలి. 'అందింది' అని జవాబు రాకపోతే రెండు సెకన్లాగి మళ్లీ పంపాలి. బిగించిన వారం రోజులూ చక్కగా నడిచింది. ఒక్కో బోర్డుకి ఒక్కో వేళ ప్లగ్ పెట్టాను కాబట్టే అవి ఒకదానికొకటి అడ్డం రాలేదని అప్పుడు తట్టలేదు.

ఓ సాయంత్రం గాలివానకి కరెంటు పోయి వచ్చింది. 24 బోర్డులూ ఒక్క క్షణంలో లేచి, ఒక్క క్షణంలో అరిచాయి. ప్యాకెట్లు గాలిలో ఢీకొంటే అన్నీ పాడే. తాను పంపుతున్నప్పుడు ఆ రేడియోకి ఇంకొకరి మాట వినపడదు. జవాబు రాలేదన్న ఒక్క సంగతే దానికి తెలుస్తుంది. రెండు సెకన్లకి అన్నీ మళ్లీ అరిచాయి. ఆపైన మళ్లీ. గేట్‌వేకి దగ్గరున్న రెండు మాత్రం, సిగ్నల్ బలంగా ఉండబట్టి గట్టెక్కాయి.

హాస్టల్ ఆంటీ ఫోన్ చేసింది: "మెట్లెంట నీళ్లు కారిపోతన్నాయి బాబూ, ఫోన్లో చూస్తే ట్యాంకు సగమే ఉందంటంది!"

ఆ రాత్రి కంగారులో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు సెకన్ల గడువుని అర సెకనుకి తగ్గించాను. గోల నాలుగింతలైంది.

ఈ జబ్బుకి మందు ఎప్పటి నుంచో ఉంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య అలోహా రేడియో నెట్‌వర్క్ నడిపింది. అందులో ఎవరికి తోచినప్పుడు వారు పంపుతారు, ఢీకొంటే తోచినంతసేపు ఆగి మళ్లీ పంపుతారు. అలా నడిస్తే ఛానల్‌లో మహా అయితే 18.4 శాతం సమయమే పనికొస్తుందని లెక్క తేలింది. తర్వాత వచ్చిన ఈథర్‌నెట్ ఇంకో మెట్టు ఎక్కింది. ఢీకొన్నకొద్దీ ఆగే గడువు హద్దుని ఓ మేరకు రెట్టింపు చేస్తూ పోయేది, ఆ హద్దులోపల ఓ అంకె చీటీ తీసేది. 16 సార్లు ప్రయత్నించి ఆ ప్యాకెట్‌ని వదిలేసేది. రద్దీ పెరిగేకొద్దీ తగ్గి ఉండాలి. నేను చేసింది సరిగ్గా దానికి తలకిందులు.

సరే, నేనూ అదే రాశాను. మళ్లీ కరెంటు పోయి వచ్చింది. మళ్లీ అదే గోల!

రెండు బోర్డులు బల్ల మీద పక్కపక్కన పెట్టి, వందలోపు చీటీలు తీయించాను. మొదటిది 7, 49, 73 అంది. రెండోదీ 7, 49, 73 అంది. ఆర్డుయినోలో ర్యాండమ్ అంకెలు సీడ్ అనే ఒక మొదటి అంకె నుంచి పుడతాయి. సీడ్ మార్చకపోతే ప్రతి బోర్డూ, స్విచ్ వేసిన ప్రతిసారీ, అదే వరస అప్పజెబుతుంది. నేను 24 మందికీ ఒకే పాచిక పంచాను. వాచ్‌మన్ జరసేపు ఆగడం బాగానే ఉంది, గల్లీలో అందరూ అదే జరసేపు ఆగితే?

పెత్తనం చేసేవాడు లేని చోట, అందరూ ఒకే రూలుని ఒకేలా పాటిస్తే వారిని విడదీసేదే ఉండదు. తేడా ఎక్కడో ఓ చోట నుంచి రావాలి. ప్రతి బోర్డుకీ దాని సొంత నంబరునీ, దేనికీ కలపని పిన్ మీద ఊగే ఓల్టేజీనీ కలిపి సీడ్‌గా ఇచ్చాను. తర్వాతిసారి కరెంటు వచ్చినప్పుడు రీడింగులు ఒక్కొక్కటిగా, ఓ వరసంటూ లేకుండా వచ్చి చేరాయి.

ఇప్పుడు ఏ పనికైనా నా మొదటి పరీక్ష ఒకటే. బోర్డులన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి, స్విచ్ ఆపి వేస్తాను.