నీలి గాడిద

మట్టల ఆదివారమునకు ముందు సండేస్కూలు పిల్లలకు గాడిదపిల్ల బొమ్మ ఇచ్చి రంగులు వేయించడము మా సంఘములో ఏటేటా ఉన్నదే. మొన్నటి సంవత్సరము మూడవ తరగతి పాప ఒకతె తన గాడిదకు చెవుల నుండి తోక దాకా నీలము పూసి తెచ్చింది. "ఇలాంటి గాడిదను ఎక్కడ చూశావమ్మా?" అంటూ నవ్వాము. మా దంపతులలో ముందు నవ్వినది ఎవరో ఇప్పుడు ఒకరినొకరము అడుగుకోము. మేము నవ్విన తరువాత పిల్లలు ఊరుకుంటారా? పాప మట్టల ఆదివారమున రాలేదు, పునరుత్థాన పండుగకూ రాలేదు. జ్వరమేమో అనుకొన్నాము. అలా అనుకోవడము మాకు సులువు.

వేసవి సెలవులకు వచ్చిన మా అమ్మాయి తన కొడుకు కొరకు ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకము తెచ్చింది. నీలి గుర్రమును చిత్రించిన కళాకారుని గురించి ఎరిక్ కార్ల్ 2011లో ప్రచురించినది. రంగులు పూసిన పలుచని కాగితములను కత్తిరించి అంటించిన బొమ్మలు. మాటలు బహు కొద్ది. నీలి గుర్రము, ఎర్ర మొసలి, ఆకుపచ్చ సింహము, ఊదారంగు నక్క, నల్లని ధ్రువపు ఎలుగుబంటి, ఒంటినిండా చుక్కలున్న గాడిద! మనుమడు పొట్ట పట్టుకొని నవ్వాడు. యాకోబు మందలో పొడలూ మచ్చలూ గల మేకలున్నాయి గాని చుక్కల గాడిద అక్కడా లేదే అని మేమూ నవ్వాము.

ఆ కళాకారుని కథ అమ్మాయి చెప్పినప్పుడు నవ్వు ఆగింది. అతడు జర్మనీ దేశస్థుడైన ఫ్రాంజ్ మార్క్. యౌవనములో దైవశాస్త్రము చదవాలనుకొని, తరువాత చిత్రకళ వైపు తిరిగాడు. 1911లో గుర్రములను నీలముగా, ఆవును పసుపుపచ్చగా వేశాడు. 1916లో వెర్దూన్ యుద్ధములో 36 ఏండ్లకే చనిపోయాడు. 1937లో నాజీ ప్రభుత్వము అతని చిత్రములను భ్రష్టకళ అని ముద్రవేసి మ్యూజియముల నుండి తీయించింది. అమెరికాలో పుట్టిన కార్ల్ 1935లో, ఆరేండ్ల వాడుగా, తల్లిదండ్రులతో జర్మనీ వెళ్లాడు. అక్కడ బడిలో డ్రాయింగు మాస్టారు అతనిని ఇంటికి పిలిచి, నిషేధించిన ఆ చిత్రముల ప్రతులను రహస్యముగా చూపించాడు. తెలిస్తే ఆయనకు పెద్ద ముప్పే. ఆ మాస్టారు అంత తెగించాడు. మేమో, ఖర్చు లేని నవ్వు నవ్వాము.

ఆ సాయంత్రమే పుస్తకము పట్టుకొని పాప ఇంటికి వెళ్లాము. నాయనమ్మ మంచము వాల్చింది. జర్మనీ సంగతి, నీలి గుర్రముల సంగతి చెప్పి, "మేము నవ్వడము తప్పమ్మా" అన్నాము. పాప తలెత్తలేదు. ఒక్కొక్క పుట తిప్పి చుక్కల గాడిద దగ్గర ఆగింది.

"రంగుల డబ్బా నా దాకా వచ్చేసరికి నీలమే మిగిలిందండీ. అదీ విరిగిన ముక్క."

మేము సిద్ధము చేసుకొన్న మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. డబ్బాను ఎప్పుడూ ముందు వరుసకే ఇస్తున్నాము. పాప కూర్చునేది గోడవారన, ఆఖరున.

"ఆదివారము వస్తావా తల్లీ?" అని అడిగాము.

గాడిదను మరొకసారి చూచి, "డబ్బా ముందు నాకిస్తారా అండీ?" అంది.