అసకుసలో మా కొర్రబువ్వ

టోక్యోలో మా అమ్మాయి ఉండే పేట పేరు నిషి కసాయ్. మన దేశం వాళ్లు బాగా స్థిరపడిన చోటు కాబట్టి కందిపప్పుకూ కరివేపాకుకూ లోటు లేదు. దిగిన దగ్గర్నుంచీ వారం రోజులు పప్పూ చారుతోనే గడిపేశాం. మావారికైతే అంతకన్నా కావలసిందేమీ లేదు. ఎనిమిదో రోజు అమ్మాయికి కోపం వచ్చింది. ‘‘గిద్దలూరు నుంచి ఇంత దూరం వచ్చి తినేది పప్పుచారేనా? ఇవాళ పొయ్యి వెలిగించేది లేదు’’ అంది. చేపలూ మాంసం మేం ముట్టం. ‘‘సరే, తీపి తింటారుగా! పదండి’’ అని బయల్దేరదీసింది.

నిషి కసాయ్‌లో మెట్రో ఎక్కి, నిహోంబషిలో దిగి గింజా లైను పట్టుకుంటే చివరి స్టేషన్ అసకుస. టోక్యోలోకెల్లా పాత గుడి సెన్సోజీ ఉన్నది అక్కడే. అందులో దేవత కన్నోన్. అంటే మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే, అక్కడ అమ్మవారిలా కొలుస్తారు. వీధి మొదట్లోని ద్వారానికి 700 కిలోల ఎర్ర లాంతరు వేలాడుతూ ఉంటుంది. దాన్ని దాటితే గుడి దాకా పావు కిలోమీటరు పొడవునా రెండు పక్కలా దుకాణాలే. విసనకర్రలు, బొమ్మలు, బిస్కెట్లు. మార్కాపురం చెన్నకేశవస్వామి తిరునాళ్లకు వెళ్లినట్టే ఉంది, గోల ఒక్కటే తక్కువ. ఒక కొట్లో బియ్యం పేలాలను పాకం పట్టి ముక్కలు కోసి అమ్ముతున్నారు. మన బొరుగుల ఉండకు చదరంగా ఉన్న అక్క అనుకోండి. కొనుక్కుని నోట్లో వేసుకుంటూ నడవబోయాను. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. అక్కడ నడుస్తూ తినడం మర్యాద కాదట.

మేం వెళ్లిన కొట్టు ఆ వీధికి ఆనుకునే ఉంది. పేరు ఉమెజోనొ. 1854లో, అంటే మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకు మూడేళ్ల ముందు, గుడి ఆవరణలో ఉమె చెట్ల తోటలో టీకొట్టుగా మొదలైందట. ఉమె అంటే మన రేగుపండంత ఉండే పుల్లటి పండు. ఆ తోట పేరే కొట్టుకు మిగిలింది. ఇలాంటి వాటిని అక్కడ ‘కన్మిదొకొరొ’ అంటారు. తీపి తినే చోటు అని అర్థం. పెద్ద హంగేమీ లేదు. చిన్న బల్లలు, కుర్చీలు, వేడి గ్రీన్ టీ. నా పక్క బల్ల దగ్గర ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ, సంచీ ఒళ్లో పెట్టుకుని ఒక్కతే కూర్చుని నిదానంగా తింటోంది. ఒక ఆడమనిషి ఒంటరిగా వచ్చి, తనకోసం తీపి తెప్పించుకుని తినడం మా ఊళ్లో నేనెప్పుడైనా చూశానా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ధర చూస్తే గిన్నె వెయ్యి యెన్‌లకు అటూ ఇటూ. మన డబ్బుల్లో ఐదారు వందలు. అమ్మో అనిపించింది గానీ, ఆ ఊళ్లో మామూలు మధ్యాహ్న భోజనమే అంతవుతుంది. తినడానికి వచ్చినవాళ్లూ మనలాంటి సంసారులే.

‘‘ఇక్కడ పేరుమోసింది అవ జెన్‌జాయ్’’ అంటూ అమ్మాయి మూడు చెప్పింది. మూత పెట్టిన గిన్నెలు వచ్చాయి. మూత తీస్తే ఆవిరి. ఒక సగం నల్లగా, నున్నగా ఎర్రచిక్కుళ్ల ముద్ద. దాన్ని వాళ్లు అజుకి అంటారు. మన అలసందలకూ పెసలకూ దగ్గరి చుట్టం. ఉడకబెట్టి, పొట్టు తీసి, చక్కెర కలిపి మెత్తగా చేస్తారు. అచ్చం పూర్ణమే, కాకపోతే యాలకులు వెయ్యరు. రెండో సగం పసుప్పచ్చగా, పలుకుపలుకుగా, ఆవిరి మీద ఉడికిన ముద్ద. చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాను. జిగురుగా ఉంది. పళ్ల కింద చిన్న చిన్న గింజలు తగిలాయి. చివర్న ఉందా లేదా అన్నంత చిరుచేదు.

ఆ రుచి నాకు తెలుసు. యాభై ఏళ్ల నుంచీ దాన్ని నేను తలుచుకోలేదు, అంతే.

‘‘ఇదేంటే?’’ అన్నాను. అమ్మాయి ఫోనులో వెతికి, ‘‘అవ అంటే కొర్రలమ్మా’’ అంది.

మా ఊరు గిద్దలూరు దగ్గరి మెట్ట పల్లె. 1970 దాకా మాది కర్నూలు జిల్లా. ఆ తర్వాత జిల్లా పేరు మారింది గానీ మెట్ట మెట్టగానే ఉంది. కంభం చెరువు కింది ఊళ్లకు వరి అన్నం. మాకు కొర్రలు, సజ్జలు, జొన్నలు, వరిగలు. వరి బియ్యం పండక్కీ చుట్టానికే. గిద్దలూరు హైస్కూల్లో చేరిన కొత్తలో ఒకరోజు నేను గిన్నె మూత తీయగానే పక్కనున్న పిల్ల, ‘‘పిచ్చుకల మేత తెచ్చుకుంది’’ అంది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి రేపట్నుంచి బడికి పోనన్నాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నా గిన్నెలో తెల్లటి అన్నం. ఎక్కడిదని అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత పిన్ని చెప్పింది, మా అమ్మ రెండు మానికల కొర్రలిచ్చి మానిక బియ్యం తెచ్చేదని. అంటే ఇంట్లో కొర్రబువ్వ కూడా తగ్గిపోయిందన్నమాట. ఎవరి కంచంలో తగ్గిందో వేరే చెప్పాలా!

మన మధ్యాహ్నం భోజనాల వేళకు ఇంకా టైముంది. అక్కడికన్నా మనం మూడున్నర గంటలు వెనక. అమ్మాయి వీడియో కాల్ చేసి అవ్వకు గిన్నె చూపించింది. మా అమ్మకు ఎనభై అయిదు. చూపు మందగించింది గానీ లెక్కలు మందగించలేదు.

‘‘ఎంతంట?’’

‘‘ఐదొందల పైనే అవ్వా.’’

‘‘ఏందీ! కొర్రబువ్వకు ఐదొందలా! మీకేమన్నా పిచ్చి పట్టిందా?’’ అని నవ్వింది. ఎట్లా ఉందని అడిగితే, జిగురుగా ఉందని చెప్పాను. కాసేపు ఆలోచించింది. ‘‘మన కొర్రలు అట్లా అతుక్కోవే. అవి కొర్రలు కావు’’ అనేసింది. అమ్మాయి మళ్లీ ఫోను పట్టుకుంది. ఐదు నిమిషాల తర్వాత తలెత్తి నావైపు చూసింది. పేరులో ‘అవ’ ఉన్నా ఈ కొట్టువాళ్లు వాడేది ‘కిబి’ అట, అందులోనూ జిగురు రకం. కిబి అంటే వరిగలు. సగం దంచి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారట. ఆరు వేల కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మందగించిన కళ్లతో, మా అమ్మ కనిపెట్టేసింది.

‘‘వరిగలైతే సరే. ఎవరు దంచుతారంట?’’ అంది.

అది మా అమ్మే అడగాల్సిన మాట. చిరుధాన్యాల గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా కూడా జరిపింది. షుగరుకు మంచిది, నీళ్లు తక్కువ చాలు, అన్నీ నిజమే. కానీ ఆ గింజ పొట్టు ఎంత మొండిదో రోకలి పట్టినవాళ్లకే తెలుసు. తెల్లవారుజామున రోలు దగ్గర మొదలుపెడితే, దంచి, చెరిగి, మళ్లీ దంచి, పూట గడిచే గింజలు తేలేసరికి పొద్దెక్కేది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు కొర్రలు మానేశారంటే వాళ్లకు రుచి తెలియక కాదు. నేను మాత్రం వాళ్లను తప్పు పట్టలేను.

జపానులోనూ వరి అన్నమే గొప్ప. బియ్యం పన్నుగా కట్టి, కొర్రలూ వరిగలూ తిని బతికిన రైతులే ఎక్కువ ఒకప్పుడు. పీచుపండులోంచి పుట్టిన మొమొతారో అనే కుర్రాడి కథ అక్కడ ప్రతి పిల్లకూ తెలుసు. రాక్షసుల మీదికి యుద్ధానికి పోతూ దారిలో కుక్కకూ కోతికీ నెమలి జాతి పక్షికీ అతను పెట్టింది వరిగ ఉండలే. పేదవాళ్ల గింజను వాళ్లు కథలో దాచారు, గుడి పక్కన గిన్నెలో దాచారు. మేం బడి గిన్నెలో దాచలేక సిగ్గుపడ్డాం.

గిన్నె పక్కనే చిన్న పళ్లెంలో ఉప్పులో ఊరిన గింజలేవో చిటికెడు పెట్టారు. షిసో అని, తులసి జాతి మొక్క గింజలట. తీపి మొహం మొత్తినప్పుడు రెండు నోట్లో వేసుకోవాలి. మావారు ముందు అవే తినేసి, ఇంకొన్ని అడగమని అమ్మాయిని వేధించారు. నా పక్కనున్న పెద్దావిడ తన గిన్నె ఖాళీ చేసి, మూత జాగ్రత్తగా పెట్టి, చేతులు జోడించి లేచింది.

తిరిగి వచ్చాక గిద్దలూరు బజారులో వరిగల కోసం తిరిగాను. దొరకలేదు. కొర్రలు దొరికాయి, మిల్లులో పొట్టు తీసినవి, అందమైన ప్యాకెట్లో. సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర. ఒకప్పుడు రెండిచ్చి ఒకటి తెచ్చుకున్నామని కొట్టు కుర్రాడికి చెప్పాలనిపించింది, అతను ఫోనులో ఉన్నాడు.

అమ్మ దగ్గర కూర్చుని నేనే చేశాను. ఎర్ర అలసందలు ఉడికించి, బెల్లం వేసి, మెత్తగా రుబ్బాను. కొర్రలు నానబెట్టి మెత్తగా వండాను. అమ్మ చెప్పినట్టే అతుక్కోలేదు, పొడిపొడిగానే ఉంది. అయినా రెండూ ఒకే గిన్నెలో పక్కపక్కనే సర్ది, మూత పెట్టి మరీ ఇచ్చాను. అమ్మ మూత తీసి, వాసన చూసి, ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.

‘‘బాగుంది గానీ, ఊరగాయ లేకుండా ఎట్లా పెడతావే? ఆ జాడీ ఇట్లా తే’’ అంది.

నిమ్మకాయ ముక్క ఒకటి గిన్నె అంచున పెట్టుకుని మొత్తం తినేసింది.