మబ్బులు కరిగించే విద్య

మబ్బును చూపుతో కరిగించవచ్చునని ఎప్పుడైనా విన్నారా? రిచర్డ్ బాక్ 1977లో వెలువరించిన 'ఇల్యూజన్స్' నవలలో ఆ విద్య ప్రస్తావన ఉంది. ఓ మబ్బును ఎంచుకోవాలి, అది లేనట్టే మనసులో భావించాలి. అంతే! ఇంత చవకైన సిద్ధి మరెక్కడ దొరుకుతుంది? తక్షణమే శిష్యరికం స్వీకరించాను. ప్రయోగశాల మా మిద్దె; పరికరాలు ఒక చాప, ఒక చేతిగడియారం.

తొలిరోజే విజయం వరించింది. దూదిపింజ వంటి బుల్లి మబ్బునొకదాన్ని పట్టుకుని రెప్ప వాల్చకుండా చూశాను (ఆ నియమం నా సొంత కల్పన, తపస్సన్నాక కాస్త కష్టముండాలి కదా!). అంచులు చిరిగాయి, నడుమ పలుచబడింది, పన్నెండో నిమిషానికి నీలమే మిగిలింది.

మరునాడు బుద్ధి అడ్డుపడింది. ఈసారి పక్కపక్కనే ఉన్న రెండు మబ్బులను ఎంచుకుని, ఎడమదాన్ని కరగమన్నాను. కుడిదాని జోలికి పోలేదు. రెండూ కరిగాయి... కుడిదే ముందు! ఇందులో వింతేమీ లేదు. నేల వేడికి పైకి లేచిన తేమగాలి చల్లబడి సన్నని నీటిబిందువులైతే అది మబ్బు. కిందినుంచి ఆ గాలి అందడం ఆగితే, చుట్టూ ఉన్న పొడిగాలి కలిసి బిందువులు మళ్ళీ ఆవిరైపోతాయి. ఇటువంటి చిరుమబ్బుల ఆయుష్షు సాధారణంగా పావుగంట, మహా అయితే అరగంట. ఈలోగా మనం శపించినా దీవించినా ఒకటే.

ఈ సంగతి మా తాతకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "కరిగించేదానికి నువ్వెందుకబ్బీ, అవే పోతాండాయి కదా! నిలబెట్టేది నేర్చుకో" అన్నాడు.

మాది అనంతపురం జిల్లా. ఏడాది మొత్తానికీ సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి పవనాలు తమ తేమలో అధికభాగం పడమటి కనుమల దగ్గరే దించుకుని, మా దాకా వచ్చేసరికి ఉత్త గాలులవుతాయి. వేరుశనగ ఊడలు దిగే వేళ, ఒక్క పదును వాన కోసం తాత గట్టున నిలబడి, నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని ఆకాశాన్ని చూసేవాడు. ఆ చూపు ముందు నా తపస్సు ఏపాటిది? సంకల్పానికే మబ్బు లొంగేదైతే, మా మెట్టచేను అమ్ముడుపోయేదే కాదు.

1946లో విన్సెంట్ షేఫర్ అనే అమెరికన్ విమానం నుంచి పొడిమంచు చల్లి మబ్బులో మంచు రాలేట్టు చేశాడు. 2000వ దశకంలో రాష్ట్ర ప్రభుత్వం కూడా మేఘమథనం పేరిట మా జిల్లా మీద విమానాలు తిప్పింది. అయితే అదీ ఉన్న మబ్బును పిండే విద్యే, లేనిదాన్ని తెచ్చేది కాదు.

తాత చెప్పిన ప్రయోగం నేను మానలేదు. పడమట కాస్త నల్లగా కనబడిన మబ్బునల్లా ఎంచుకుని, కదలవద్దని వేడుకుంటున్నాను. ఇప్పటివరకు నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచినది నలభైరెండు నిమిషాలు. అదీ నా మాట విని కాదేమోనని అనుమానం.