నది పుట్టిన కొండకు ప్రయాణం

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. తాత్కాలికంగా అడ్డుకట్ట పడేవరకు, దాదాపు వారం రోజులపాటు, కోసిగిలోని మా ఇంట నీటి మాట తప్ప మరో మాట లేదు. అబ్బాకు డెబ్బై ఏళ్లు దాటాయి. దిగువ కాలువ నీటి కోసం ఎన్నో రాత్రులు గట్టు మీద కాపలా ఉన్న మనిషి. కాలువ పారిన ఏడు పొలం, పారని ఏడు గుంటూరు మిరప తోటలకు వలస. మా పల్లెల్లో ఎన్నో కుటుంబాల జీవితం ఈ రెంటి మధ్యనే గడుస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, మగ్‌రిబ్ నమాజు తర్వాత, మా అమ్మాయి అడిగింది.

“దాదా, డ్యాములోకి ఇన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?”

“పైనుంచి, తల్లీ.”

“పైన ఎక్కడ?”

అబ్బా కొంతసేపు మాట్లాడలేదు. “జీవితమంతా ఈ నీళ్లే తాగాను. అవి పుట్టే చోటు మాత్రం నేనూ చూడలేదు” అన్నారు. మా ప్రయాణ ఆలోచనకు అదే మొదలు.

తుంగ, భద్ర నదులు రెండూ కర్ణాటకలోని పడమటి కనుమల్లో, కుద్రేముఖ్ జాతీయ ఉద్యానవనం పరిధిలోని గంగామూల వద్ద పుడుతున్నాయి. నేత్రావతి జన్మస్థానం కూడా అక్కడిదేనంటారు. నేత్రావతి పడమరకు దిగి మంగళూరు వద్ద అరేబియా సముద్రంలో కలుస్తుంది. తుంగ శృంగేరి, తీర్థహళ్లిల మీదుగా, భద్ర కళస, భద్రావతిల మీదుగా వేర్వేరుగా ప్రవహించి, శివమొగ్గకు సమీపాన కూడలి వద్ద ఏకమవుతాయి. ఆ తర్వాతే అది తుంగభద్ర అయి మన వైపు వస్తుంది.

మన ప్రాంతంలో ఏడాదంతా కలిపి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన కురిస్తే మంచి ఏడు అనుకుంటాము. ఆ కొండల వరుసలోనే ఉన్న ఆగుంబేలో సగటున ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడి కొండల పై భాగమంతా పచ్చిక. లోయల మడతల్లో మాత్రం ‘శోల’ అనే దట్టమైన అడవులు ఉంటాయి. ఆ పచ్చికా, ఆ అడవీ వాన నీటిని తమలో ఇంకించుకుని, వానలు వెలిసిన తర్వాత కూడా నెలల తరబడి వాగుల్లోకి కొంచెం కొంచెంగా విడుస్తాయి. మన కాలువ గట్టు మీద నిలబడి ఎదురుచూసే నీటిలో ఆ అడవి దాచి ఇచ్చిన భాగం ఉందని తెలిశాక, అది మాకు పరాయి చోటుగా తోచలేదు.

ఇక ఎక్కడికి ఎక్కాలన్నది ప్రశ్న. గంగామూల ఉన్నది రక్షిత అరణ్యం, అనుమతి లేకుండా ఎవరూ వెళ్లరాదు. కుద్రేముఖ్ శిఖరం ఎత్తు 1,894 మీటర్లు. కన్నడంలో ఆ పేరుకు గుర్రపు ముఖం అని అర్థం. అక్కడికి రోజంతా నడక. పిల్లలతో సాధ్యం కాదు. విచారించగా కురింజల్ అనే మరో కొండ సంగతి తెలిసింది. భద్ర ఒడ్డున ఉన్న భగవతి ప్రకృతి శిబిరం వద్ద దారి మొదలవుతుంది. చాలా దూరం పాత జీపు బాట, ఆ పైన పచ్చిక వాలు. కొన మీద నిలబడితే కనుచూపు మేర కొండలు, వాటి మడతల్లో అడవులు కనిపిస్తాయట. ఊటీకో మైసూరుకో వెళ్లే మన వారిలో ఈ పేరు విన్నవారు అరుదు.

ముగ్గురు కలిసి ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (స) నేర్పిన మర్యాద. మా ఇంట అందరూ అమ్మీనే ఎన్నుకున్నారు. ఆమె ఆధ్వర్యంలో ఏర్పాట్లు ఇలా సాగుతున్నాయి.

కాలం: జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత. వేసవిలో పచ్చిక ఎండి కార్చిచ్చు భయం ఉంటుంది కనుక దారులు మూసివేస్తుంటారు. కనుక నవంబరు నెలను ఎంచుకున్నాము.

అనుమతి: కర్ణాటక అటవీ శాఖ వద్ద ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి. రోజుకు ఇంతమందికే అన్న పరిమితి ఉంది. బయలుదేరే ముందు దారి తెరిచి ఉందో లేదో మరోసారి కనుక్కోవాలి. అడవి గుండా పోయే రహదారిని పగటిపూటే దాటేలా సమయం చూసుకోవాలి.

దారి: ఆదోని, బళ్లారి, హోస్పేట, హరిహర, శివమొగ్గ, శృంగేరి. నదికి ఎదురుగా, దిగువ నుంచి ఎగువకు సాగే దారి ఇది. సుమారు అయిదు వందల కిలోమీటర్లు. శివమొగ్గలో ఒక రాత్రి మజిలీ.

సామాను: పొడవు మేజోళ్లు, ఉప్పు మూట. అక్కడ ‘ఇంబళ’ అని పిలిచే జలగలు నేల మీదే ఉంటాయి. రాచనాగులకు ఆ అడవులు నెలవు కనుక బాట వదిలి అడుగు వేయరాదని పిల్లలకు గట్టిగా చెప్పాము. ప్లాస్టిక్ ఏదీ వెంట రాదు. జొన్న రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, నీళ్లు స్టీలు సీసాల్లో తీసుకెళతాము.

నమాజు: ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా చేసుకునే సౌలభ్యం ఉంది. అక్కడి నుంచి ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. మంచులో దిక్కు తెలియదు కనుక చిన్న దిక్సూచి ఒకటి కొన్నాము.

ఈ ఏర్పాట్ల నడుమ ఆ కొండల గతం కూడా తెలిసింది. 1976లో ఏర్పడిన కంపెనీ ఒకటి దశాబ్దాల పాటు అక్కడ ఇనుప ఖనిజం తవ్వింది. తవ్విన మట్టి వానలకు భద్రలోకి కొట్టుకొస్తోందని ప్రకృతి ప్రేమికులు న్యాయస్థానానికి వెళ్లారు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా 2005 చివరికి తవ్వకం ఆగింది. ఈ మాట విన్న అబ్బా, “మన డ్యాములో పూడిక లెక్క ఎంత?” అని అడిగారు. కట్టిన నాడు 133 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 105 పైచిలుకే పడుతుందని చెప్పాను. ఆ పూడిక అంతా ఒక్క గని పాపం కాదు. పరీవాహక ప్రాంతమంతటా చెట్టు పోయిన ప్రతి వాలు నుంచీ మట్టి వస్తుంది. అబ్బా తల పంకించి, “ఎగువన నేల చెదిరితే దిగువన గింజ తగ్గుతుంది” అన్నారు.

ఒక్క చిక్కు మిగిలింది. అబ్బా మోకాళ్లు కొండ ఎక్కనివ్వవు. ఆయన కోసమే తలపెట్టిన ప్రయాణంలో ఆయనే పైకి రాలేరంటే నాకు మనసొప్పలేదు. మానుకుందామన్నాను. ఆయన వారించారు. “నేను కింద భద్ర ఒడ్డున కూర్చుంటాను. ఆ నీటితో వుజూ చేసి నమాజు చేసుకుంటాను. పైన చూసింది పిల్ల వచ్చి చెబుతుంది. నాకు అది చాలు.”

పారే నది ఒడ్డున వుజూ చేసినా నీరు వృథా చేయరాదన్న బోధ మన ఇళ్లలో అందరూ చిన్నప్పటి నుంచి విన్నదే. కరువు నేలలో పుట్టిన మనిషి ఆ వాగు ఒడ్డున ఎన్ని దోసిళ్లతో వుజూ ముగిస్తాడో మా అమ్మాయి చూడాలని నా కోరిక.

అమ్మాయి ఒక ఖాళీ సీసా కూడా సంచిలో పెట్టుకుంది, అక్కడి నీళ్లు తెచ్చి స్నేహితులకు చూపించాలని. అబ్బా నవ్వి దాన్ని తీసి పక్కన పెట్టారు.

“మనం మోసుకు రానక్కర లేదు తల్లీ. అల్లాహ్ తలిస్తే అది మన ఊరికి తానే వస్తుంది.”