సీసాలో తొలకరి

వెండితెర మీద వాన కురుస్తుంది. హీరోయిన్ తడుస్తుంది, హీరో గొడుగు విసిరేస్తాడు, హాల్లో ఈలలు! కళ్ళకీ విందే, చెవులకీ విందే. మరి ముక్కు మాటేమిటి? పాపం, దానికి ఇంటర్వెల్ సమోసాయే గతి!

హాలీవుడ్ వాళ్ళు ఆ లోటూ తీర్చబోయారు లెండి. 1960లో ‘సెంట్ ఆఫ్ మిస్టరీ’ అనే చిత్రానికి సీట్ల దగ్గరికి గొట్టాలు వేసి, సీనుకి తగ్గ వాసనలు వదిలారు. ఆ ముచ్చట ఆ ఒక్క సినిమాతోనే సరి.

వాన వాసనని నిజంగా పట్టినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ‘మిట్టీ అత్తర్’ చేస్తారు. మట్టి అత్తరన్నమాట! కాల్చిన మట్టి పెంకుల్ని నీళ్ళతో రాగి పాత్రలో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, చన్నీళ్ళ తొట్టిలో ఉంచిన మరో పాత్రలోని గంధం నూనెలోకి దిగుతుంది. పువ్వు లేదు, పండు లేదు!

ఈ వాసనకి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. ఎండిన మట్టీ రాళ్ళూ దాచుకున్న నూనెలు తడి తగలగానే బయటికొస్తాయట. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియాస్మిన్ దానికి తోడు.

ఓ మిత్రుడు తెచ్చిన సీసా మూత తీశాను. మొదట గంధం చల్లదనం. తర్వాత కొత్తకుండ నీళ్ళు, తడిసిన బండ, పలక తుడిచిన గుడ్డ... ఆఖరికి మా ఊరి టూరింగ్ టాకీసులో నీళ్ళు చల్లిన నేల క్లాసు!

అమ్మ మణికట్టుకీ కాస్త రాశాను. అనంతపురం జిల్లా మెట్టచేలల్లో పెరిగిన మనిషి. ఆ చేను అమ్మేసి చాలా ఏళ్ళయింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, “వానొచ్చింది గదరా, శెనక్కాయ ఇత్తనాలు తీసినారా?” అనేసింది. అంతలోనే నవ్వేసి, “చేను యాడుందిలే ఇంక!” అంది.

ఆ నవ్వు చూశాక, అమ్మ ఎదుట ఆ సీసా తీయలేదు.

కొనేవాళ్ళకి ఒక్క మాట: గంధం నూనె ప్రియమైపోయి, దాని బదులు పారఫిన్ వాడేవాళ్ళున్నారు. మరీ చవగ్గా వస్తే నమ్మకండి. మంచిది దొరికితే ఒక్క చుక్క రాసుకుని వానపాటున్న సినిమాకి వెళ్ళండి. హీరోయిన్ తడిసేది ట్యాంకరు నీళ్ళలోనైనా, మీకు మాత్రం అసలు వానే!